అరవై రోజుల గడువు: ఒక చట్టం పనితనం

అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఒకే చోట పదుల్లో, వందల్లో మనుషులను తీసేయాలనుకుంటే ముందుగా వాళ్ల చేతికి ఒక ఉత్తరం అందించాలి. ఆ ఉత్తరంలో నాలుగు సంగతులు తప్పనిసరి. ఈ తొలగింపు శాశ్వతమా, తాత్కాలికమా, ప్లాంటు మొత్తం మూతపడుతోందా అన్నది మొదటిది. మూసివేత ఏ రోజున మొదలవుతుంది, ఈ ఉత్తరం అందుకున్న మనిషి ఉద్యోగం ఏ రోజున పోతుంది అన్నది రెండోది. సీనియారిటీ ఉన్నవాళ్లు జూనియర్ల స్థానంలోకి మారే హక్కు అక్కడ ఉందా లేదా అన్నది మూడోది. వివరాలు అడగడానికి కంపెనీ అధికారి ఒకరి పేరు, ఫోన్ నంబరు నాలుగోది. ఇదంతా ఉద్యోగులకు అర్థమయ్యే భాషలో రాయాలి. తేదీ కచ్చితంగా చెప్పలేకపోతే రెండు వారాల వ్యవధిని చూపించవచ్చు. అంతకంటే వదులుగా ఉండకూడదు. నెలనెలా జీతం చీటీతో పాటు ముందుజాగ్రత్తగా ఓ అచ్చు కాగితం జతచేసి, నోటీసు ఇచ్చేశామంటే చెల్లదు.

దీని వెనక ఉన్న చట్టం పేరు వర్కర్ అడ్జస్ట్‌మెంట్ అండ్ రీట్రైనింగ్ నోటిఫికేషన్ యాక్ట్. అందరూ వార్న్ చట్టం అంటారు. దీని నేపథ్యంలో ఉన్నవి ఉక్కు, బొగ్గు, కార్ల ఊళ్లు. 1977 సెప్టెంబరు 19న, ఒహాయోలోని యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 5,000 మంది బతుకుతెరువు ఒక్క సోమవారంతో ఊగిపోయింది. ఆ ఊరు ఇప్పటికీ దాన్ని నల్ల సోమవారం అనే చెప్పుకుంటుంది. అదే రాష్ట్రానికి చెందిన సెనేటర్ హోవర్డ్ మెట్జెన్‌బామ్ ముందస్తు నోటీసు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 1988 మే నెలలో ఈ నిబంధన ఉందన్న కారణం చూపి అధ్యక్షుడు రీగన్ ఒక భారీ వాణిజ్య బిల్లునే వీటో చేశాడు. కాంగ్రెస్ నోటీసు నిబంధనను విడదీసి, వేరే బిల్లుగా మళ్లీ పంపింది. రీగన్ ఈసారి వీటో చేయలేదు, సంతకమూ పెట్టలేదు. రాజ్యాంగం ఇచ్చిన గడువు దాటడంతో 1988 ఆగస్టు 4న అది సంతకం లేకుండానే చట్టమైంది. ఆరు నెలల తర్వాత, 1989 ఫిబ్రవరి 4న అమల్లోకి వచ్చింది.

చట్టం చిన్నది. సమాఖ్య చట్టాల సంకలనంలో 2101 నుంచి 2109 దాకా తొమ్మిది సెక్షన్లు, అంతే. దాని పనితనం తెలియాలంటే అది ఏం చేయదో ముందు చూడాలి. అది తొలగింపును ఆపదు. ఈ చట్టం కింద మూసివేతను గానీ, తొలగింపును గానీ నిలిపేయమని ఆదేశించే అధికారం సమాఖ్య కోర్టుకు లేదని అందులోనే స్పష్టంగా రాశారు. మన దేశపు పద్ధతి వేరు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-ఎన్ సెక్షన్ ప్రకారం వంద మంది కార్మికులున్న ఫ్యాక్టరీ, గని, తోట మూడు నెలల నోటీసుతో పాటు ప్రభుత్వ అనుమతి కూడా తీసుకోవాల్సి వచ్చేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. అయితే మన చట్టం కార్మికుడి నిర్వచనం నుంచి మేనేజర్లను పక్కన పెడుతుంది. అమెరికా చట్టం అనుమతి అడగదు కానీ, మేనేజరుకూ సూపర్‌వైజరుకూ కూడా నోటీసు ఇవ్వాల్సిందేనంటుంది. అది అందరికీ ఇచ్చేది ఒక్కటే, అరవై రోజుల ముందుచూపు. ఆ అరవై రోజులు ఎవరి చేతుల్లోంచీ జారిపోకుండా రాసినవారు చూపిన శ్రద్ధ మీదే నాకు గౌరవం.

మొదట యజమాని ఎవరో తేల్చాలి. పార్ట్‌టైమ్ వాళ్లను వదిలేసి 100 మంది ఉద్యోగులున్న సంస్థకు చట్టం వర్తిస్తుంది. ఇక్కడితో ఆపేస్తే, మనుషులను పార్ట్‌టైమ్‌లోకి మార్చుకుని తప్పించుకోవచ్చు. అందుకే పక్కనే రెండో కొలత పెట్టారు: పార్ట్‌టైమ్ వాళ్లతో సహా 100 మందికి తగ్గకుండా ఉండి, ఓవర్‌టైమ్ కాకుండా అందరూ కలిసి వారానికి 4,000 గంటలు పనిచేస్తున్నా చాలు. వంద మంది, మనిషికి నలభై గంటలు. లెక్క అక్కడి నుంచి వచ్చింది. తలకాయల లెక్క తప్పిన చోట గంటల లెక్క పట్టుకుంటుంది.

తర్వాతిది ఉద్యోగ నష్టం అంటే ఏమిటన్న ప్రశ్న. తప్పు చేసినందుకు తీసేయడం, తనంతట తాను మానేయడం, రిటైర్ కావడం ఇందులోకి రావు. అవి కాకుండా ఉద్యోగం ముగిస్తే అది నష్టమే. ఆరు నెలలు దాటిన లేఆఫ్ కూడా నష్టమే. ఆరు నెలల పాటు ప్రతి నెలా పని గంటలు సగానికి మించి తగ్గినా నష్టమే. ఈ మూడోది పెట్టకపోతే, పేరుకు ఉద్యోగం ఉంచి వారానికి పది గంటల పనిచ్చే యజమానిని ఏమీ అనలేం. ఇక్కడే ఇంకో సున్నితమైన ఏర్పాటు ఉంది. వారానికి సగటున 20 గంటల లోపు పనిచేసేవాళ్లను, గత పన్నెండు నెలల్లో ఆరు నెలలైనా పనిచేయని కొత్తవాళ్లను పార్ట్‌టైమ్ కింద లెక్కగట్టి సంఖ్యల్లోంచి మినహాయిస్తారు. కానీ చట్టం ఒకసారి వర్తించిందంటే, వాళ్లకూ నోటీసు అందాల్సిందే. లెక్కలోకి రానివాడు హక్కులోకి వస్తాడు.

ఇక అసలు కొలతలు. ఒకే పనిస్థలంలో ఒక ప్లాంటో, అందులో ఒక విభాగమో మూతపడి, ముప్పై రోజుల వ్యవధిలో 50 మంది ఉద్యోగాలు పోతే అది మూసివేత. మూసివేత లేకుండా మనుషులను తగ్గిస్తే మూకుమ్మడి తొలగింపు. దానికి కనీసం 50 మంది పోవాలి, ఆ పోయినవాళ్లు అక్కడి ఉద్యోగుల్లో కనీసం 33 శాతం కావాలి. లేదా శాతంతో పని లేకుండా 500 మంది పోవాలి. కాగితం మీద ఇవి ఎండిన అంకెల్లా కనిపిస్తాయి గానీ, వేసి చూస్తే వాటి అమరిక తెలుస్తుంది. 120 మంది ఉన్న చోట 33 శాతమంటే 40 మందే. అక్కడ 50 అనే కొలతే పనిచేస్తుంది. 600 మంది ఉన్న చోట 50 సరిపోదు, 198 మంది పోవాలి. ఉద్యోగుల సంఖ్య సుమారు 1,515 దాటాక మాత్రం 33 శాతమంటే 500 కంటే ఎక్కువవుతుంది. అక్కడి నుంచి 500 అనే కొలత అందుకుంటుంది. మూడు వేల మంది ఉన్న క్యాంపస్‌లో ఆరో వంతు పోయినా చట్టం కదులుతుంది. చిన్న చోటికి ఒక కొలత, నడిమి చోటికి ఒకటి, పెద్ద చోటికి ఒకటి. వీటిలో నడిమి కొలత మీదే నాకు అసంతృప్తి. 600 మందిలో 190 మందిని ఒక్క వారంలో పంపేసినా సమాఖ్య చట్టం పలకదు.

ఒకే పనిస్థలం అన్న మాటకూ కార్మిక శాఖ రాసిన నియమావళి ఓపికగా హద్దులు గీసింది. పక్కపక్కనే ఉన్న భవనాల సముదాయం ఒక స్థలం. ఊళ్లు తిరిగే సేల్స్ మనిషి, రైల్వే, బస్సు సిబ్బంది లాంటి వాళ్లకు నిలకడైన చోటు ఉండదు. వాళ్లకు పని ఎక్కడి నుంచి అప్పగిస్తారో, ఎవరి కింద రిపోర్ట్ చేస్తారో ఆ చోటే పనిస్థలం. ఇళ్లలోంచి పనిచేసే ఈ కాలంలో కోర్టులు ఆ పాత వాక్యాన్నే తీసి కొత్త మనుషుల మీద పరీక్షిస్తున్నాయి.

ఈ చట్టంలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునే భాగం 2102 సెక్షన్ చివర్లో ఉంది. హద్దు 50 అని తెలిశాక ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటుంది: ఈ నెల ముప్పై మందిని, రెండు నెలలాగి ఇంకో ముప్పై మందిని తీసేయడం. ముప్పై రోజుల కిటికీలోంచి చూస్తే రెండూ విడివిడిగా హద్దు కిందే ఉంటాయి. అందుకని రాసినవారు దాని వెనక తొంభై రోజుల కిటికీ ఇంకొకటి పెట్టారు. వల కన్నులు పెద్దవై జారిపోయిన చిన్న చేపల కోసం వెనకాల సన్న కన్నుల వల ఇంకోటి కట్టినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. ఒకే స్థలంలో, తొంభై రోజుల లోపల, విడివిడిగా హద్దు దాటని గుంపులన్నీ కలిసి హద్దు దాటితే, అవన్నీ ఒకే తొలగింపు కింద లెక్క. దీనికి ఒక్కటే విడుపు. ఆ తొలగింపులు వేర్వేరు నిర్ణయాల వల్ల, వేర్వేరు కారణాల వల్ల జరిగాయని, చట్టాన్ని తప్పించుకోవడానికి కాదని యజమాని నిరూపించాలి. నిరూపణ భారం ఎటు వేశారో గమనించండి. కంపెనీ మనసులో ఏముందో ఉద్యోగి ఎన్నటికీ చూపించలేడు; లోపలి కాగితాలున్నది కంపెనీ దగ్గర. అందుకే బరువు అటు పెట్టారు. నియమావళి ఇంకో అడుగు వేసి, ప్రతి తొలగింపు నాడూ వెనక్కి తొంభై రోజులు, ముందుకు తొంభై రోజులు చూసుకోమని యజమానికి చెబుతుంది. ఉద్యోగుల లెక్క కూడా తొలగింపు రోజున తీయరు, నోటీసు ఇవ్వాల్సిన రోజున తీస్తారు. ఆ రోజు సంఖ్య మామూలుగా ఉండేదానికి స్పష్టంగా భిన్నంగా ఉంటే, నిజాయితీగా సరిపోయే మరో సంఖ్యను వాడవచ్చు. తనకు అనుకూలమైన రోజును ఎంచుకునే వీలు కూడా అలా మూసుకుపోయింది.

నోటీసు మూడు చోట్లకు వెళ్తుంది. యూనియన్ ఉంటే యూనియన్‌కు, లేకపోతే ప్రతి ఉద్యోగికి విడిగా. రెండోది ఉద్యోగాలు పోయినవాళ్లకు సాయం చేసే రాష్ట్ర విభాగానికి. అక్కడి నుంచి ఒక బృందం వచ్చి నిరుద్యోగ భృతి, శిక్షణ, కొత్త ఉద్యోగాల సంగతులు చెబుతుంది. ఈ పని తొలగింపు తర్వాత కాకుండా జీతం ఇంకా వస్తుండగానే మొదలవ్వాలన్నదే అరవై రోజుల ఉద్దేశం. మూడోది స్థానిక ప్రభుత్వంలో ఎన్నికైన పెద్దకు, అంటే మేయరు లాంటి వ్యక్తికి. ప్లాంటు ఒక నగరంలోనూ, ఒక కౌంటీలోనూ ఉంటే ఎవరికివ్వాలి? అంతకు ముందటి ఏడాది కంపెనీ ఎవరికి ఎక్కువ పన్ను కట్టిందో వాళ్లకు. ఆ ఒక్క వాక్యం చూస్తే రాసినవారికి ఊళ్ల పరిస్థితి తెలుసనిపిస్తుంది. కర్మాగారం పోతే ఎక్కువ రాబడి పోయేది ఎవరికో, కబురు ముందుగా అందాల్సింది వాళ్లకే.

మినహాయింపుల దగ్గర చట్టాలు సాధారణంగా వదులైపోతాయి. గడువు తగ్గించుకోవడానికి ఇక్కడ మూడే మినహాయింపులున్నాయి, మూడింటికీ పగ్గాలున్నాయి. ఒకటి, కుంటుపడుతున్న కంపెనీ. మునిగిపోకుండా నిలబడటానికి అది పెట్టుబడి కోసమో, ఆర్డర్ల కోసమో నిజంగా తిరుగుతూ ఉండాలి. అది దొరికితే మూసివేత తప్పేదో, వాయిదా పడేదో కావాలి. నోటీసు ఇచ్చి ఉంటే ఆ డబ్బు దొరికేది కాదని మంచి మనసుతో నమ్మి ఉండాలి. మూతపడబోతున్నామని చాటితే అప్పిచ్చేవాడు వెనక్కి తగ్గుతాడన్న వాస్తవాన్ని చట్టం ఒప్పుకుంది. కానీ ఈ సడలింపు మూసివేతకే. కొంతమందిని తగ్గించుకునే కంపెనీకి ఇది వర్తించదు. రెండోది, నోటీసు ఇవ్వాల్సిన నాటికి ఊహించడానికి వీల్లేని వ్యాపార పరిస్థితి. పెద్ద కొనుగోలుదారు ఉన్నట్టుండి కాంట్రాక్టు రద్దు చేయడం లాంటిది. మూడోది, వరద, భూకంపం, కరువు లాంటి ప్రకృతి వైపరీత్యం.

చివరి మినహాయింపులోని ఆ మూడు ఉదాహరణలూ 2022లో పెద్ద పని చేశాయి. కోవిడ్ మొదట్లో టెక్సాస్‌లో ఒక చమురు క్షేత్ర సేవల సంస్థ నోటీసు లేకుండా మనుషులను తీసేసి, మహమ్మారి కూడా ప్రకృతి వైపరీత్యమేనని వాదించింది. ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. వరద, భూకంపం, కరువు మూడూ నీటికి, నేలకు, వాతావరణానికి చెందినవి. ఆ వరుసలో రోగం ఇమడదని తీర్పిచ్చింది. 1988లో ఎవరో ఎంచి పెట్టిన మూడు నామవాచకాలు ముప్పై నాలుగేళ్ల తర్వాత హద్దు గీశాయి.

మినహాయింపు దొరికిందంటే నోటీసు ఎగిరిపోయినట్టు కాదు. వీలైనంత నోటీసు ఇవ్వాలి. గడువు ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో అందులో క్లుప్తంగా రాయాలి. ప్రకృతి వైపరీత్యం వల్ల నోటీసు తర్వాతే ఇవ్వగలిగినా సరే, ఇవ్వాలి. మినహాయింపు తనకు వర్తిస్తుందని నిరూపించాల్సిందీ యజమానే.

కంపెనీ చేతులు మారినప్పుడు ఉద్యోగి నడుమ చిక్కుకుపోకుండా ఇంకో నిబంధన ఉంది. అమ్మకం అమల్లోకి వచ్చే రోజు వరకు, ఆ రోజుతో సహా, బాధ్యత అమ్మినవాడిది. ఆ తర్వాత కొన్నవాడిది. అమ్మకం ముగిసిన మరుక్షణం పాత కంపెనీ ఉద్యోగులు కొత్త కంపెనీ ఉద్యోగులే. ఇద్దరి మధ్య బాధ్యత లేని రోజు ఒక్కటి కూడా లేదు.

నోటీసు ఇవ్వకపోతే ఏమవుతుంది? ఉల్లంఘించిన ప్రతి రోజుకూ జీతం ఇచ్చుకోవాలి, గరిష్ఠంగా 60 రోజులకు. గత మూడేళ్ల సగటు రేటు, చివరి రేటు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఆ రోజుల్లో వైద్యబీమా ఉండి ఉంటే అది చెల్లించే ఆస్పత్రి ఖర్చులూ కంపెనీ మీదే. కొత్తగా చేరినవాడు పని చేసిన రోజుల్లో సగానికి మించి పరిహారం రాదు. కంపెనీ స్వచ్ఛందంగా, షరతు లేకుండా ఇచ్చిన డబ్బును ఇందులోంచి మినహాయించుకోవచ్చు. ఒప్పందం ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిన తొలగింపు పరిహారాన్ని, అంటే సెవరెన్స్‌ను మినహాయించుకోకూడదు. స్థానిక ప్రభుత్వానికి చెప్పనందుకు రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా విడిగా ఉంది. అయితే తొలగింపునకు ఆదేశించిన మూడు వారాల్లోపు ప్రతి ఉద్యోగికి రావాల్సింది ఇచ్చేస్తే ఆ జరిమానా మాఫీ. ప్రభుత్వం తన జరిమానాను వదులుకుని, ఆ ఆశ చూపి డబ్బును త్వరగా ఉద్యోగి చేతికి తెప్పిస్తోంది. శిక్షను ఇంత తెలివిగా మలిచిన నిబంధనలు నేను ఎక్కువగా చదవలేదు.

ఈ నిర్మాణంలో బలహీనమైన చోటు అమలు. తనిఖీకి వచ్చే అధికారి ఎవరూ లేరు. కార్మిక శాఖ నియమాలు రాస్తుంది, వివరిస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఉద్యోగి సమాఖ్య జిల్లా కోర్టుకు తానే వెళ్లాలి. దాని భారం తగ్గించడానికి, ఒకరు దావా వేస్తే అదే స్థితిలో ఉన్న అందరి తరఫునా నడిచేలా, గెలిచినవారికి లాయరు ఫీజు వచ్చే వీలుండేలా రాశారు. మిస్సోరీలో ఒక చెప్పుల ఫ్యాక్టరీ తొలగింపుల కేసులో, సభ్యుల తరఫున యూనియన్ దావా వేయవచ్చని సుప్రీంకోర్టు 1996లో ఏకగ్రీవంగా చెప్పింది. రోజు అన్న చిన్న మాట దగ్గర మాత్రం రాసినవారి చేయి జారింది. అరవై రోజుల జీతమంటే క్యాలెండరు రోజులా, పని రోజులా? మూడో సర్క్యూట్ క్యాలెండరు రోజులంది. చాలా అప్పీలు కోర్టులు పని రోజులన్నాయి. ఆ తేడా మీద ఉద్యోగికి పద్దెనిమిది రోజుల జీతం దాకా పోతుంది.

చట్టం ఇచ్చిన దాని మీద రాష్ట్రాలు కట్టుకుంటూ పోయాయి. కాలిఫోర్నియా 75 మంది ఉన్న సంస్థలకే దీన్ని వర్తింపజేసి, ఊహించని వ్యాపార పరిస్థితి అనే మినహాయింపును తీసేసింది. న్యూయార్క్ గడువును 90 రోజులు చేసింది. న్యూజెర్సీ 2023 ఏప్రిల్ నుంచి 90 రోజుల నోటీసుతో పాటు, సర్వీసులో ఏడాదికో వారం చొప్పున జీతం తప్పనిసరి చేసింది.

న్యూజెర్సీ, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఈ అరవై రోజుల పక్కన ఇంకో అరవై రోజులున్నాయి. 2017 జనవరి నుంచి ఉన్న వలస నియమం ప్రకారం, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 పత్రం గడువు ముగిసే వరకు, ఏది ముందైతే అంతవరకు, కుటుంబంతో సహా అక్కడ ఉండవచ్చు. ఈలోగా కొత్త యజమాని పిటిషన్ వేయాలి, లేదా హోదా మార్పుకు దరఖాస్తు పెట్టాలి, లేదా బయల్దేరాలి. రెండు గడువుల సంఖ్య ఒకటే గానీ అవి వేర్వేరు చట్టాల బిడ్డలు. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఉద్యోగం ఏ రోజున ముగిసిందన్నది వలస అధికారులు మామూలుగా చివరి జీతం ఏ రోజుకు ఇచ్చారన్న దాన్ని బట్టి చూస్తారు. కంపెనీ నోటీసు ఇచ్చి, పనికి రానక్కర్లేదంటూనే అరవై రోజులూ పే రోల్‌లో ఉంచితే, రెండో గడువు మామూలుగా ఆ తర్వాతే మొదలవుతుంది. ఇంటి లీజు, పిల్లల బడి, ఇంటర్వ్యూలు అన్నీ కలిపి నాలుగు నెలల వెసులుబాటు. అదే కంపెనీ ఈ రోజే ఉద్యోగం ముగించి, అరవై రోజుల జీతం ఒకేసారి చేతిలో పెడితే, వార్న్ చట్టం కింద దాని బాకీ దాదాపు తీరిపోతుంది. వీసా గడువు మాత్రం రేపే మొదలవుతుంది. డబ్బు అంతే, రోజులు సగం. వార్న్ చట్టం కాలాన్ని ఇవ్వమని చెప్పి, ఇవ్వకపోతే డబ్బుతో కొలుస్తుంది. అమెరికా పౌరుడికి ఆ రెండూ దాదాపు సమానమే. హెచ్-1బి మీదున్నవాడికి కావు. అందుకే తొలగింపు కబురు తెలియగానే సెవరెన్స్ ఎంతని అడిగే ముందు, పే రోల్‌లో తన పేరు ఏ తేదీ వరకు ఉంటుందని హెచ్ఆర్‌ను అడగాలి. ఒకేసారి ఇచ్చే మొత్తంలో కొంత తగ్గించుకునైనా ఆ తేదీని జరపమని కోరాలి.